ఈ సౌకర్యం మీ ప్రాంతంలో లేదు

పోయిన వారం మనం చిట్టిని సభ హాలు వెనక ఇరుకు గదిలో, చేతిలో నల్లటి మాటపెట్టెతో, తలుపు పిడి తిరుగుతున్న చప్పుడు వింటూ నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారమంతా అలాగే ఊపిరి బిగబట్టి నిలబడి ఉంది. ఆ తలుపు తెరుచుకునేలోపు, మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. తెలిసినవాళ్ళు కూడా వినండి. పగ గుర్తు చేసుకునే కొద్దీ చిక్కబడుతుంది.

మాటపెట్టె అంటే అరచేతిలో పట్టేంత యంత్రం. "తోడూ" అని పిలిస్తే పలుకుతుంది. టైమెంతయిందో చెబుతుంది, పాటలు పెడుతుంది, ఎవరికి కావాలంటే వాళ్ళకి ఫోన్ కలుపుతుంది. మన భాషలో అది పలికే ప్రతి మాటా చిట్టి గొంతే. కంపెనీ మేడ మీద అద్దాల గదిలో మైకు ముందు కూర్చుని నెలల తరబడి వాక్యాలు చదివింది. "మీ అలారం పెట్టాను" దగ్గర్నుంచి "మీరన్నది నాకు అర్థం కాలేదు" దాకా. వాటిలో ఒకటి, "క్షమించండి. ఈ సౌకర్యం మీ ప్రాంతంలో లేదు." ఆ వాక్యాన్ని ఆమె చేత పదే పదే చెప్పించారు. లేదన్నా వినేవాళ్ళకి కోపం రాకూడదట. ఇంకాస్త మెత్తగా, ఇంకాస్త తియ్యగా చెప్పమన్నారు. చెప్పింది.

చిట్టిని పెంచింది అక్క. అమ్మ పోయాక కుట్టుమిషను తొక్కి, స్కూలు యూనిఫారాలు కుట్టి, చెల్లెల్ని చదివించి, ఆ తొక్కుడులోనే మోకాలు అరగదీసుకున్న మనిషి. మోకాలు మొరాయించడం మొదలయ్యాక చిట్టే ఒక మాటపెట్టె తెచ్చి వంటింటి అలమరలో పెట్టింది. ప్రకటనలో చెప్పారు కదా, పడిపోయినా, ఒంట్లో బాగా లేకపోయినా "సాయం కావాలి" అంటే చాలు, అంబులెన్సు దానంతటదే వస్తుందని, అదీ మన భాషలోనే అని. నేను పనికెళ్ళినా ఇంట్లో ఉన్నట్టే అంది చిట్టి. అక్క ఆ పెట్టెతో పొద్దస్తమానం దెబ్బలాడేది. తిన్నావా అని అడిగేది. అర్థం కాలేదని అదంటే, నీకెప్పుడు అర్థమైంది గనక అని విసుక్కునేది.

ఒక మధ్యాహ్నం అక్క స్నానాలగదిలో జారి పడింది. సాయం కావాలంది. పెట్టె చిట్టి గొంతుతో, మెత్తగా, తియ్యగా, ఈ సౌకర్యం మీ ప్రాంతంలో లేదంది. కింద ఇంటావిడకి పైనుంచి ఆ గొంతు వినపడుతూనే ఉందట. చిట్టి ఇంట్లోనే ఉంది, ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది అనుకుందట. అందుకే మెట్లెక్కి చూడలేదు. సాయంత్రం చిట్టి వచ్చేసరికి అక్కలో ప్రాణం లేదు. కింద ఇంటావిడ గుండెలు బాదుకుంటూ అన్న మాట ఒకటే. "నువ్వు ఇంట్లోనే ఉన్నావు కదే. నీ గొంతు విన్నాను."

ఆ మధ్యాహ్నం చిట్టి అద్దాల గదిలో ఉంది. అక్కడొక పద్ధతి ఉంది. లోపలికి ఎవరు వెళ్ళినా ఫోను బయట ట్రేలో పెట్టి వెళ్ళాలి. తలుపు మీద ఎర్ర లైటు వెలిగిందంటే ఆకాశం విరిగి పడ్డా ఎవరూ తట్టకూడదు. పని అయ్యాక ట్రేలోంచి ఆమె ఫోను తీసి చేతికిచ్చి, జాగ్రత్తగా వెళ్ళు తల్లీ అన్నాడు సౌండింజనీరు. ఫోనులో మిస్డ్ కాల్ ఒక్కటి కూడా లేదు.

ఈ సౌండింజనీరుని చిట్టి బాబాయ్ అంటుంది. చుట్టరికం ఏమీ లేదు. అద్దానికి అవతల కూర్చుని ఆమె చదివిన ప్రతి వాక్యాన్నీ రికార్డు చేసినవాడు. ఆయన భార్య చాన్నాళ్ళుగా మంచం పట్టి ఉంది. ఆ మంచం పక్కన కూడా ఒక మాటపెట్టె ఉంది. అది సాయం పిలవదని తెలిశాక కూడా తియ్యలేదు. ఫోనైనా కలుపుతుంది కదా అన్నాడు, పైగా చిట్టి గొంతు వింటుంటే పిన్నికి ధైర్యమట. అక్క పోయిన దగ్గర్నుంచి ఆయన చిట్టిని ఒక్క పూట కూడా ఒంటరిగా వదల్లేదు. అన్నం తిందా లేదా అని ఆరా తీసేది ఇప్పుడు ఆయనొక్కడే.

ఇంతకీ సాయం ఎందుకు రాలేదు? చిట్టి తవ్వి తవ్వి తీసిన సంగతి ఇది. పెట్టెలో భాష ఒక చోట పెట్టుకోవాలి, ప్రాంతం ఇంకో చోట. భాష అన్ని చోట్లా పలుకుతుంది. అంబులెన్సుని పిలిచే ఏర్పాటు మాత్రం ఎక్కడో హెడ్డాఫీసు ఉన్న ప్రాంతానికే చేశారు. మరి పరీక్షించేటప్పుడు ఎవరూ చూడలేదా అంటే, చూశారు. కాకపోతే ఆఫీసులో పరీక్షకి వాడే పెట్టెలన్నీ హెడ్డాఫీసు ప్రాంతానికే పెట్టి ఉంటాయి. అట్టపెట్టెలోంచి తీసిన రోజు నుంచి మూల పడే రోజు దాకా ఆ సెట్టింగు ఎవరూ ముట్టుకోరు. ముట్టుకుంటే సగం పనులు తప్పుతాయి, రిపోర్టు పాడవుతుంది, పైవాళ్ళు మొహం ముడుచుకుంటారు. అందుకని అక్కడ అన్నీ పాసు. ఇక్కడ కూడా అన్నీ పనిచేస్తాయి, నిశ్చింతగా అమ్ముకోండి అని ముద్ర కొట్టినవాడు ఆ పరీక్షల విభాగానికి పెద్ద. ఆయన్ని ఆఫీసంతా నవ్వులాయన అంటారు. ఎదుటివాడి ఉద్యోగం పీకేసేటప్పుడు కూడా ఆ మొహం మీంచి నవ్వు దిగదు.

ఇవాళ కంపెనీ కింది అంతస్తు హాల్లో ఆయన పండగ. ఊరూరా వృద్ధుల కోసం ఇళ్ళు నడుపుతున్న ఒక పెద్ద సంస్థ, ప్రతి మంచం పక్కనా ఒక మాటపెట్టె పెడదామా అని చూడటానికి వచ్చింది. నవ్వులాయన వేదిక మీద పడిపోయినట్టు నటించి సాయం అడుగుతాడు. పెట్టె అంబులెన్సు పిలుస్తుంది. పక్కన చిట్టి నిలబడాలి, గొంతు వెనక మనిషిని అందరూ చూడాలి కదా. వేదిక మీదికెళ్ళే ఆ పెట్టె కూడా హెడ్డాఫీసు ప్రాంతానికే పెట్టి ఉంది. దాన్ని మార్చడం ఎలాగో చిట్టికి నేర్పింది బాబాయ్. గది తాళం తెచ్చిచ్చిందీ ఆయనే. ఆమె మార్చేసింది. సరిగ్గా అప్పుడే తలుపు పిడి తిరిగింది.

ఇదంతా ఆ వృద్ధుల్ని కాపాడటానికే చేసింది అని రాస్తే మీరు మెచ్చుకుంటారు. నేను రాయను. ఆమెకి కావలసింది ఒక్కటే. అందరూ చూస్తుండగా ఆ మొహం మీంచి నవ్వు ఊడి కింద పడాలి.

తలుపు తెరుచుకుంది. వచ్చింది నవ్వులాయనే. లోపలికి వచ్చి, తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ఇస్త్రీ చెదరని చొక్కా, జేబుకి చిన్న మైకు. చిట్టి పెట్టెని బల్ల మీద పెట్టి గుడ్డతో తుడుస్తున్నట్టు నటించింది. దాని మీద దుమ్మెక్కడుంది, పొద్దున్నే అట్టపెట్టెలోంచి తీసినదాయె.

అప్పటిదాకా ఆమెని "మీరు" అనే తప్ప ఇంకోలా పిలిచి ఎరగడు. ఆ వేళ మొదటిసారి "నువ్వు" అన్నాడు.

"నువ్వెందుకు వచ్చావో నాకు తెలుసు. వంటింటి అలమరలో పెట్టె ఉన్న ఇల్లు. ఆవిడ మీ అక్క అని నిన్ననే తెలిసింది."

 చిట్టి గుడ్డతో ఒకే చోట రుద్దుతూనే ఉంది. ఆయన గొంతు పెంచలేదు. తన మీద కోపం రావడంలో తప్పు లేదన్నాడు. ఆమె చోట తనున్నా ఇంతే చేసేవాణ్ణన్నాడు. సూటిగా వచ్చి అడిగి ఉంటే ఇద్దరం కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం కదా అని నొచ్చుకున్నాడు కూడా. చూస్తే చచ్చిపోయింది ఆయన అక్కేమో అనిపిస్తుంది. చిట్టికి అరికాలి మంట నెత్తికెక్కింది. గుడ్డ పక్కన పెట్టి, ఏం కావాలని అడిగింది.

"మీ ఇంటి పెట్టె మేం వెనక్కి తీసుకున్నాం, గుర్తుందా? అందులో మీ అక్క ఆ మధ్యాహ్నం మాట్లాడిన మాటలన్నీ ఉన్నాయి. ఆవిడ గొంతుతో. అవి నా దగ్గర ఉన్నాయి."

 చిట్టి బల్ల అంచు పట్టుకుంది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. చిట్టి గొంతు వేల ఇళ్ళలో ఉంది. దుకాణాల్లో, కార్లలో, ముక్కూ మొహం తెలియనివాళ్ళ పడగ్గదుల్లో ఉంది. అక్క గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఫోను ఎదురుగా పట్టుకుని ఏదన్నా మాట్లాడక్కా అంటే, ఇంట్లో గొప్ప గొంతు ఒకటుందిగా, చాల్లే, అని చెయ్యి అడ్డం పెట్టేసేది. ఫొటోలున్నాయి, చీరలున్నాయి, సగం కుట్టిన లంగా ఒకటి మిషను మీద అలాగే ఉంది. గొంతు లేదు. ఈమధ్య చిట్టికి భయం పట్టుకుంది. చిట్టీ అని అక్క పిలిచినప్పుడు ఆ చివర ఎలా సాగేదో, ఎక్కడ విరిగేదో గుర్తు చేసుకోబోతే, అక్కడ తన గొంతే వినపడుతోంది. అది తలుచుకుంటే ఆమెకి చావంటే కలిగేదానికన్నా ఎక్కువ వణుకు.

నవ్వులాయనకి ఆ వణుకు కనపడింది. మనుషుల అవసరం కనిపెట్టడంలో మొనగాడు.

"మొత్తం విన్నాను. నువ్వనుకుంటున్నదొక్కటే కాదు అందులో ఉన్నది. నీకు తెలియంది ఇంకోటుంది," అన్నాడు.

ఏంటది అని అడిగింది. 

"ఈ పూట గడవనీ. పెట్టె మేం పరీక్షించినట్టే పలకాలి. నువ్వు దాన్ని ఏమన్నా చేసి ఉంటే ఇప్పుడే సరిచెయ్యి, నేను చూడను. సాయంత్రానికి అది నీ ఫోన్లో ఉంటుంది. లేదంటే రేపటికి ఇంకెక్కడా ఉండదు."

సరే అంది చిట్టి. ఆయన తల పంకించి, చొక్కా సర్దుకుని, నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఒకటి చెప్పుకోవాలి, ఆయన అబద్ధం ఆడలేదు. అబద్ధం అవసరం లేనంత తెలివైనవాడు.

చిట్టి పెట్టె సెట్టింగు తెరిచింది. ప్రాంతం అన్నచోట వేలు పెట్టింది. హెడ్డాఫీసు పేరు మీద ఒక్క నొక్కు నొక్కితే అయిపోతుంది. సాయంత్రం మంచం మీద పడుకుని, కళ్ళు మూసుకుని, చిట్టీ అన్న పిలుపు వినొచ్చు. రోజూ వినొచ్చు. అక్కడ ఆ పిచ్చి తల్లి వేలు అలా పెట్టుకుని ఎంతసేపుందో ఆమెకే తెలియదు. బయట హాల్లో కుర్చీలు జరుపుతున్న చప్పుడు, మైకు సరిచూస్తున్న బాబాయ్ గొంతు, వినపడుతోందా, వినపడుతోందా అని.

వినపడుతోందా. కింద ఇంటావిడకి వినపడింది. నీ గొంతు విన్నాను అంది.

అక్క గొంతు కోసం తన గొంతుని మళ్ళీ అదే పనికి పంపితే, రేపు ఇంకో ఇంట్లో ఇంకెవరో ఆ గొంతు విని, మనిషి తోడుందిలే అనుకుని మెట్లెక్కరు. ఆ ఆలోచన రాగానే చిట్టి వేలు వెనక్కి తీసుకుంది. మంచితనం వల్ల కాదు. ఆ మధ్యాహ్నం తన గొంతుని తన అక్క మీదికి ఉసిగొల్పిన మనిషి, ఇప్పుడు ఆ అక్క గొంతునే ఎర వేస్తున్నాడని ఒళ్ళు మండిపోయి. సెట్టింగు మూసేసి, పెట్టెని రెండు చేతుల్లో పట్టుకుని వేదిక మీదికి నడిచింది.

హాలు నిండింది. ముందు వరసలో ఆ సంస్థ నడిపే పెద్దావిడ కూర్చుని ఉంది. తెల్లటి జుట్టు, చేతికర్ర, ఎవరేం చెప్పినా సగమే నమ్మే కళ్ళు. నవ్వులాయన బాగా మాట్లాడతాడు, ఆ మాట ఒప్పుకోవాలి. పెద్దవాళ్ళ ఒంటరితనం గురించి చెబుతుంటే వెనక వరసల్లో కళ్ళు తుడుచుకున్నారు. భాష అమ్మ ఒడి లాంటిదన్నాడు. చివరికి చిట్టిని చూపించి, ఇదిగో ఇకనుంచి మీ ప్రతి గదిలోనూ ఉండే బిడ్డ అన్నాడు. చప్పట్లు మోగాయి.

తర్వాత ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, కాలు జారినట్టు కాస్త వంగి, బాధ నటిస్తూ పిలిచాడు.

"తోడూ. సాయం కావాలి."

"క్షమించండి," అంది పెట్టె, చిట్టి గొంతుతో, మెత్తగా. "ఈ సౌకర్యం మీ ప్రాంతంలో లేదు."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు, ఇది కూడా ఆటలో భాగమేమో అని. నవ్వులాయన కూడా నవ్వాడు. పెట్టెకి కూడా సభాకంపం ఉంటుంది చూడండి అని చమత్కరించి, ఈసారి కొంచెం గట్టిగా అడిగాడు. పెట్టె అంతే మెత్తగా అదే మాట అంది. ఆయన చిట్టి వైపు చూశాడు. కళ్ళు చూస్తున్నాయి, పళ్ళు ఇంకా నవ్వుతున్నాయి. మూడోసారి అడిగేసరికి చిట్టి వేదిక మీది మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది. పెట్టె, ఆమె కలిసి చెప్పారు. ఒకే గొంతు, రెండు చోట్ల నుంచి. క్షమించండి, ఈ సౌకర్యం మీ ప్రాంతంలో లేదు.



చిట్టి మాట్లాడింది. ఏడవలేదు, అరవలేదు, వాక్యం చదివినట్టే చదివింది. తన అక్క స్నానాలగది నేల మీద పడి ఇదే అడిగిందని, ఈ పెట్టె తన గొంతుతో ఇదే చెప్పిందని, కింద ఇంటావిడ అది తనే అనుకుని పైకి రాలేదని చెప్పింది. నవ్వులాయన మధ్యలో మాట అందుకుని, చిన్న సాంకేతిక పొరపాటు, పెట్టెని ఎవరో మార్చారు, అన్నాడు. అప్పుడు ముందు వరసలో పెద్దావిడ కర్ర ఎత్తి ఆయన్ని ఆగమంది. అడగాల్సింది చిట్టినే అడిగింది.

"ఇప్పుడు దీన్ని ఏ ప్రాంతానికి పెట్టి ఉంచావమ్మా?"

"మీ ప్రాంతానికేనండి. మనం కూర్చున్న ఈ ఊరికే."

పెద్దావిడ ఇంకేం అడగలేదు. కర్ర ఆనించుకుని లేచింది. ఆవిడ వెనక ఒక్కొక్క వరసే లేచింది. నవ్వులాయన మేడమ్, మేడమ్ అంటూ మెట్లు దిగి వెంటపడ్డాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. అప్పుడు చూసింది చిట్టి. ఆ మొహం మీద నవ్వు లేదు. నవ్వు పోయాక అక్కడ మిగిలిన మొహం చాలా మామూలుగా, నెత్తురు చుక్క లేకుండా, వయసు మీద పడినట్టు ఉంది. ఇన్నాళ్ళుగా కడుపులో రగిలినదానికి ఒక్క క్షణం నీళ్ళు పోసినట్టయింది. వెనక యంత్రాల దగ్గర బాబాయ్ చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి, ఆమె వైపు చూసి తల ఊపాడు. ఆ చూపులో గర్వముంది. ఇంకేదో కూడా ఉంది, అప్పుడామెకి తెలియలేదు.

బాబాయ్ మైకులన్నీ సర్దుకుని మేడ మీదికి వెళ్ళాడు. చిట్టి మెట్ల దగ్గర కాసిని మంచినీళ్ళు తాగుతుంటే నవ్వులాయన వచ్చాడు. తిడతాడనుకుంది. తిట్టలేదు. ఫోను తీశాడు.

"నేను మాట తప్పను. ఇదిగో, పంపిస్తున్నా," అన్నాడు. ఎందుకని అడిగింది. నీ మీద జాలితో మాత్రం కాదన్నాడు. "నన్ను నాశనం చేశావు. సరే. ఎవర్ని వదిలేశావో నీకు తెలియాలి కదా. తెలిశాక నీ మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటాను, నాకది చాలు."

ఇలాంటి చోట మాత్రం పగకి పగ అర్థమవుతుంది. చిట్టి ఫోను చెవికి ఆనించుకుంది.

నీళ్ళ చప్పుడు. తర్వాత అక్క. తోడూ, సాయం కావాలి. చిట్టి గోడకి జారగిలబడింది. ఆ చివర సాగడం, ఆ విరుపు, అన్నీ ఉన్నాయి, అచ్చంగా అలాగే. పెట్టె లేదంది. అక్క మళ్ళీ అడిగింది, మళ్ళీ లేదంది. అక్క మూలిగి, అప్పుడు కూడా విసుక్కుంది.

"లేదంటావేమే. సరేలే. చిట్టికి ఫోన్ కలుపు."

"చిట్టికి ఫోన్ చేస్తున్నాను," అంది చిట్టి గొంతు.

రింగు. రింగు. ఎవరో ఎత్తారు.

"హలో. అమ్మాయి లోపల రికార్డింగులో ఉందండీ."

"బాబూ, పడిపోయాను. లేవలేకపోతున్నా. రక్తం పోతోంది. దాన్ని పిలు."

 తర్వాత ఆ మగ గొంతు, చిట్టికి తన గొంతు తెలిసినంత బాగా తెలిసిన గొంతు, మర్యాదగా అంది.

"ఎర్ర లైటు వెలుగుతోందమ్మా. ఇప్పుడే అయిపోతుంది. అవగానే పంపిస్తాను."

ఫోను పెట్టేసిన చప్పుడు. ఆ తర్వాత అక్క పెట్టెతోనే చెప్పింది, అదేదో మంచి కబురైనట్టు. అవగానే వస్తుందట. మీరన్నది నాకు అర్థం కాలేదంది పెట్టె. నీకెప్పుడు అర్థమైంది గనక అంది అక్క. అంతే, ఇంక నీళ్ళ చప్పుడే.

చిట్టి తల ఎత్తేసరికి నవ్వులాయన లేడు. మిస్డ్ కాల్ లేదని ఇన్నాళ్ళూ అనుకుంది. ఎత్తిన కాల్ మిస్డ్ కాల్ ఎలా అవుతుంది? బాబాయ్ ట్రేలోంచి ఫోను తీసి చేతికిచ్చి, జాగ్రత్తగా వెళ్ళు తల్లీ అన్నాడు. అన్నం తిన్నావా అని రోజూ అడిగాడు. పగ ఎలా తీర్చుకోవాలో దగ్గరుండి నేర్పాడు, తన పేరొక్కటి తప్పించి.

మెట్లెక్కింది. తొందరపడలేదు. అద్దాల గది ముందు బాబాయ్ తీగలు చుడుతున్నాడు. చిట్టిని చూసి లేచి, బాగా చేశావు తల్లీ అన్నాడు. లోపల మైకు ఏదో గరగరలాడుతోంది, ఒకసారి కూర్చుని చూడమంది చిట్టి. ఆయన కదిలాడు. లోపలికి వెళ్ళేముందు చెయ్యి దానంతటదే జేబులోంచి ఫోను తీసి ట్రేలో పెట్టింది. ఏళ్ళ అలవాటు. తలుపు మూసుకుంది. లోపల మైకు ముందు కుర్చీలో ఆయన, బయట ఆయన కుర్చీలో ఈమె.

ఎర్ర లైటు వేసింది.

వినపడుతోందా అని అడిగింది. ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని తల ఊపాడు. చిట్టి తన ఫోను తీగకి తగిలించి, మొదటి నుంచి వినిపించింది. అద్దంలోంచి ఆయన మొహమే చూస్తూ కూర్చుంది. అక్క గొంతు వచ్చేదాకా ఆయనకి అర్థం కాలేదు. తన గొంతు వచ్చేసరికి రెండు చేతులూ హెడ్‌ఫోన్ల మీదికి వెళ్ళాయి. తియ్యలేదు. చివరిదాకా విన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. అయిపోయాక చేతులు జోడించి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. చిట్టి స్పీకరు ఆపేసింది. అద్దం అవతల పెదాలు మాత్రం కదులుతున్నాయి.

అప్పుడు ట్రేలో వెలుగొచ్చింది.

బాబాయ్ ఫోను. "ఇల్లు" అని ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో, తోడు ద్వారా కాల్. అంటే మంచంలో ఉన్న పిన్ని పెట్టెని పిలిచింది. ఫోను కలపమనే ముందు ఏమడిగి ఉంటుందో, దానికి పెట్టె ఎవరి గొంతుతో ఏం జవాబు చెప్పి ఉంటుందో చిట్టికి బాగా తెలుసు.

ట్రే అద్దానికి దిగువన ఉంది. ఆయనకి కనపడదు, వినపడదు. ఇంకా చేతులు జోడించే ఉన్నాడు.

చిట్టి ఫోను చేతిలోకి తీసుకుంది. అది మోగుతోంది. తలుపు మీద ఎర్ర లైటు వెలుగుతోంది.